ఆదివారం వియత్నాం

మొన్న శనివారం మధ్యాహ్నం నేను ఉతికిన బట్టలు మడతలు పెడుతూ ఉంటే, మా పెద్ద మనవరాలు పక్కనే మంచం మీద బోర్లా పడుకుని ఫోనులో ఏవేవో బొమ్మలు తిప్పుతూ, వచ్చే నెల స్నేహితురాళ్ళతో కలిసి వెళ్ళబోయే వియత్నాం ప్రయాణం గురించి చెప్పుకొచ్చింది. పుట్టిందీ పెరిగిందీ అమెరికాలో ఈ ఫ్రీమాంట్‌లోనే కాబట్టి దాని తెలుగు కాస్త ముక్కలు ముక్కలుగా ఉంటుంది గానీ ఉత్సాహానికి మాత్రం ఏ లోటూ ఉండదు.

"అమ్మమ్మా, ఇది చూడు, లాంటర్న్ మేకింగ్ క్లాస్ బుక్ చేశాను. ఇంకో రోజు బోట్‌లో మార్కెట్‌కి తీసుకెళ్తారు. లాస్ట్ డే లోకల్ ఫ్యామిలీ ఇంట్లో లంచ్! ఫ్లోర్ మీద కూర్చొని తినాలంట, సో కూల్ కదా?" అంది.

చూపించిన బొమ్మలో నేల మీద చాప, చాప మధ్యలో గుండ్రటి పెద్ద పళ్ళెం, దాని చుట్టూ నవ్వుతూ కూర్చున్న తెల్లవాళ్ళు, ఓ మూలగా చేతులు కట్టుకుని నిలబడ్డ ఇంటావిడ ఉన్నారు. నా చేతిలోని తువ్వాలు మడత సగంలోనే ఆగిపోయింది. నేను వియత్నాం ఎప్పుడూ వెళ్ళలేదు. కానీ అలాంటి చాప మీద, అలాంటి పళ్ళెం చుట్టూ, నా జీవితంలో ఎన్ని ఆదివారాలు కూర్చున్నానో లెక్క తెలియదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, నలభై ఏళ్ళ క్రితం ఈ ఊరు ఇలా ఉండేది కాదు. ఫ్రీవే దిగితే ఆప్రికాట్ తోటలు, వసంతంలో దారి పొడుగునా తెల్లటి పూత, ఎవరింట్లోనైనా కరివేపాకు మొక్క బతికిందంటే ఆ వార్త ఫోన్ల మీద పది ఇళ్ళకు పాకిపోయేది. మావారు ఓ చిన్న కంపెనీలో ఇంజనీరు. కెమిస్ట్రీలో బీఎస్సీ చదివిన నాకు శాన్‌హోసేలో సర్క్యూట్ బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీలో పని దొరికింది. తెల్ల కోటు వేసుకుని, తలకు టోపీ తగిలించుకుని, భూతద్దంలోంచి చూస్తూ చీమ కాళ్ళంత తీగలకు టంకం వేయాలి. నా పక్క బల్ల దగ్గర కూర్చునే వియత్నాం ఆవిడే నేను చెప్పబోయే మనిషి.

మమ్మల్ని కలిపింది వాసన. మధ్యాహ్నం ఆవిడ డబ్బా మూత తీస్తే చేపలు ఊరబెట్టి తీసిన రసం వాసన, నేను మూత తీస్తే ఇంగువ వాసన. మూడో రోజుకల్లా మా పై అధికారి చాలా మర్యాదగా, బయట కార్లు నిలిపే చోట చెట్టు కింద సిమెంటు బెంచీ ఉందనీ, గాలి బాగా వస్తుందనీ ఇద్దరికీ చెప్పాడు. అలా వెలివేయబడ్డ ఇద్దరం ఆ బెంచీ మీద చెరో కొసనా కూర్చుని మొదటి వారమంతా ఒకరినొకరు చూసి నవ్వుకోవడంతో సరిపెట్టాం. తరవాత ఓ రోజు ఆవిడ డబ్బాలో అన్నం, తూటికూర వేపుడు, పెసల మొలకలు తప్ప ఇంకేమీ లేవు. చేప ఏదని సైగ చేస్తే, ఆవిడ వేలితో ఆకాశం మీద గుండ్రంగా గీసి చూపించింది. ఆ రోజు పౌర్ణమి. అమావాస్యకూ పౌర్ణమికీ వాళ్ళు నీచు ముట్టరట. మర్నాటి నుంచి ఆ రెండు తిథుల కోసం నేను ఎదురుచూడటం మొదలుపెట్టాను, ఎందుకంటే ఆ రోజుల్లో మాత్రం ఆవిడ డబ్బాలో, నీచు తినని నాకూ సగం ఉండేది.

ఆవిడ నన్ను మొట్టమొదట అడిగిన ప్రశ్న, "నీకు ఎన్నేళ్ళు?" అని. ఇరవై ఎనిమిది అని చెబితే, తనకు నలభై అని చెప్పి, తేలికపడ్డట్టు నిట్టూర్చింది. వాళ్ళ భాషలో నేను, నువ్వు అని ఊరికే అనుకోవడం కుదరదట. ఎదుటి మనిషి అక్కో, చెల్లెలో, పిన్నో, మామ్మో తేలితే గాని నోట మాట రాదు, వరస తేలాలంటే వయసు తెలియాలి. అలా తను నాకు అక్క అయింది, నేను చెల్లెలినయ్యాను. అక్కను వాళ్ళు 'చి' అంటారు, కొంచెం గొంతు కిందికి దించి. చెల్లెలు 'ఎమ్'. ఆ రోజుల్లో మా ఇంట్లోనే ఉన్న మా అత్తగారు నేను ఫోనులో మాటిమాటికీ "చి, చి" అనడం విని, ఎవరినో అంతలా ఈసడించుకుంటున్నాననుకుని బెంగపడిపోయారు. విషయం తెలిశాక ఆవిడే, "అక్కని ఛీ అనడమేమిటే, నువ్వు మన మాటే నేర్పకూడదూ" అన్నారు. నేర్పాను. అక్క చివరిదాకా నన్ను 'ఎమ్' అంది, మా అత్తగారిని మాత్రం 'అత్తయ్యా' అని ముద్దుగా పిలిచేది.

నాలుగేళ్ళకు ఆ పని వేరే దేశానికి తరలిపోయి ఫ్యాక్టరీ మూతపడింది. అక్క లైబ్రరీలో సాయంత్రం నడిపే ఇంగ్లీషు తరగతిలో చేరింది. అక్కడి పంతులమ్మ ఓ రోజు, మీరు కూరగాయలు కొనుక్కునే చోటు మాకూ చూపించకూడదా అని అడిగిందట. చూపించింది. ఆవిడ స్నేహితురాళ్ళు మళ్ళీ వస్తామన్నారు, వాళ్ళ చుట్టాలు తామూ వస్తామన్నారు. చివరికి లైబ్రరీ బోర్డు మీద చేతిరాతతో ఓ కాయితం వెలిసింది. వియత్నాం వాళ్ళ బతుకు ఎలా ఉంటుందో చూడాలనుకునే ప్రయాణికులు ఆదివారం ఉదయం తొమ్మిదికి రండి, మంచి చెప్పులు వేసుకోండి అని. నా దగ్గర పెద్ద పాత కారు ఉంది, డ్రైవింగ్ లైసెన్సు ఉంది, నా ఇంగ్లీషు కనీసం నాలుగింట మూడు వంతులైనా అవతలివాళ్ళకు అర్థమవుతుంది. అందుకని అక్క ముందు నడిచేది, నేను వెనక నడుస్తూ విడమరిచి చెప్పేదాన్ని.

ఆ ఆదివారాలు ఇప్పటికీ నాకు కలలో కనిపించినట్టే కనిపిస్తాయి. ముందుగా అక్క ఉండే వియత్నాం పేటలోని కూరల మార్కెట్టు. తడి గోనెపట్టాల కింద కట్టలు కట్టలుగా ఆకులు, అరటిపువ్వులు, కాకరకాయలు, బీరకాయలు, పంపరపనసలు. వచ్చినవాళ్ళు దీన్నేమంటారు అని అడిగితే అక్కకు వియత్నాం పేరు తెలుసు, నాకు తెలుగు పేరు తెలుసు, ఇంగ్లీషు పేరు ఇద్దరికీ తెలియదు. బియ్యప్పిండితో చేసిన ఆ పల్చటి రేకులు చూపించేటప్పుడు మాత్రం నేను ఆగలేకపోయేదాన్ని. మా గోదావరి ఒడ్డున ఇలాంటివే కుండ మీద తీస్తారని, నెయ్యీ బెల్లమూ వేసి మడుస్తారని చెప్పేదాన్ని. అక్క ఓపిగ్గా విని, "ఈరోజు ఆంధ్రా టూర్ కాదు, ఎమ్" అనేది.

అక్కడి నుంచి కాఫీ కొట్టు. గాజు గ్లాసు అడుగున చిక్కటి తీపి పాలు, పైన చిన్న రేకు జల్లెడ, దాంట్లోంచి నల్లటి కాఫీ చుక్క చుక్కగా దిగుతుంది. అది పూర్తిగా దిగేదాకా ఎవరూ మాట్లాడకూడదని అక్క నియమం. గడియారాలు చూసుకునే మనుషులు మొదట కాస్త కుదురులేక కదిలేవారు, ఐదో నిమిషానికి భుజాలు కిందికి జారేవి, కిటికీలోంచి పడే ఎండలో అందరి ముఖాలూ నిద్రలో ఉన్నట్టు మెత్తబడేవి. తరవాత బుద్ధుడి గుడి. అక్కడ గోడ నిండా పోయినవాళ్ళ ఫొటోలు, ప్రతి ఫొటో ముందూ ఓ పండో, టీ గ్లాసో. ఆఖరికి అక్క వాళ్ళ అపార్టుమెంటులో, పెద్దల ఫొటోలకు దణ్ణం పెట్టి, చాప మీద భోజనం. తినేముందు అందరికన్నా చిన్నవాళ్ళు పెద్దవాళ్ళను వరసపెట్టి పిలిచి, మీరు భోంచేయండి అనాలి. అలా అంటేనే పెద్దవాళ్ళు ముద్ద ముడతారు.

ఇందుకోసమే అక్క మార్కెట్టు గుమ్మంలోనే వచ్చినవాళ్ళందరినీ వయసు అడిగేది. అరవై దాటిన ఒకావిడ ముఖం కందగడ్డలా చేసుకుని మళ్ళీ కారెక్కబోతే, నేను వెంటబడి, ఇది మర్యాదేనండీ, నమ్మండి అని బతిమాలుకున్నాను.

అలాంటి ఓ ఆదివారం, ఇల్లినాయిలో నేపర్‌విల్ నుంచి చుట్టాలింటికి వచ్చిన ఒక బడిపంతులమ్మ తన కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి తెల్లావిడ. కూతురు అచ్చం అక్క వాళ్ళ దేశపు పిల్లలాగే ఉంది. యుద్ధం ముగిసే రోజుల్లో సైగాన్ అనాథాశ్రమం నుంచి పొత్తిళ్ళలో ఉండగా ఈ దేశానికి తెచ్చారట. అక్క అలవాటు ప్రకారం ఆ అమ్మాయిని వయసు అడిగింది.

"పేపర్స్‌లో పంతొమ్మిది అని ఉంది. అది ఆశ్రమం వాళ్ళు గెస్ చేసి రాసింది. నిజంగా ఎప్పుడు పుట్టానో ఎవరికీ తెలీదు" అంది ఆ పిల్ల, చాలాసార్లు చెప్పి అలవాటైపోయిన గొంతుతో.

వయసు తేలకపోయేసరికి అక్క ఆ పొద్దుటంతా ఆ అమ్మాయిని ఏ వరసతోనూ పిలవలేదు. కాఫీ చేతికిచ్చేటప్పుడు కూడా ఆ పిల్ల వంక చూడలేదు. గుడిలో ఓ ముసలావిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆప్యాయంగా ఏదో గలగలా అడిగింది. పిల్ల ముఖం ఎర్రబడిపోయి ఇంగ్లీషులో సారీ అంటూ వెనక్కి జరిగింది. పెంచిన తల్లి వెంటనే భుజం మీద చెయ్యి వేసింది గానీ, ఆ తల్లి కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. వీళ్ళను పిలిచి తప్పు చేశామా అనుకున్నాను.

భోజనాల దగ్గర ఆ ఇబ్బంది ఇంకా ముదిరింది. ఆ రోజు బెంటన్‌విల్ నుంచి వచ్చిన కొత్త దంపతులు కూడా ఉన్నారు, వాళ్ళూ ఇరవైల్లోనే ఉన్నారు. ఎవరు చిన్న, ఎవరు పిలవాలి? అన్నం మీద ఆవిరి లేస్తోంది, అందరూ ఆ పిల్ల వంక చూస్తున్నారు. "నన్ను వదిలేయండి, నేను ఊరికే కూర్చుంటాను" అంది తను.

అక్క చప్పున లేచి లోపలి గదిలోకి వెళ్ళి, తన గుర్తింపు కార్డు తెచ్చి ఆ పిల్ల ముందు చాప మీద పెట్టింది.

"ఇది చూడు. జనవరి ఒకటి. నేను జనవరిలో పుట్టలేదు. వానలు పడుతుంటే పుట్టానని మా అమ్మ చెప్పేది. శరణార్థుల క్యాంపులో రాసేవాడికి తొందర. వరసలో నా ముందువాళ్ళకి జనవరి ఒకటి, నా వెనకవాళ్ళకీ జనవరి ఒకటే. ఏడాది కూడా తప్పు" అంది.

నాకూ నోరు ఆగలేదు, నా లైసెన్సు తీసి దాని పక్కన పెట్టాను. బడిలో వేసేటప్పుడు మా హెడ్మాస్టారు అడిగీ అడక్కుండానే జూలై ఒకటి వేసేశారనీ, అసలు నేను అట్లతద్ది మర్నాడు పుట్టానని మా అమ్మ చెప్పడమే గాని కాయితంలో ఎక్కడా లేదనీ చెప్పాను. మా ఇద్దరి కార్డులూ పక్కపక్కన చూసి ఆ పిల్ల ఆ రోజు మొదటిసారి నవ్వింది.

"ముగ్గురికీ పుట్టినరోజు లేదు. అన్నం చల్లారిపోతోంది. నువ్వు నాకు ఎమ్. ఇక్కడందరికీ నువ్వే చిన్న. పిలువు" అంది అక్క.

అక్క ఒక్కో మాటా అందిస్తుంటే ఆ పిల్ల తడబడుతూ, స్వరాలన్నీ తప్పుతూ, ఒక్కొక్కరినీ భోజనానికి పిలిచింది. పెంచిన తల్లిని పిలిచేటప్పుడు 'మా' అనాలని అక్క చెప్పింది. అమ్మ అని అర్థం. ఆ తల్లి తలొంచుకుని గిన్నెలోంచి మొదటి ముద్ద తీసుకుంది.

మరుసటి వేసవికి ఆ అమ్మాయి మా దగ్గరి కాలేజీలో చదవడానికి వచ్చేసింది, ఆదివారాలు మాతోనే నడిచేది. ఏడాదిలో స్వరాలు కుదిరాయి, కూరలవాళ్ళతో బేరాలాడేంత అయింది. అప్పుడు అడిగింది అక్కను, తనతో వియత్నాం రమ్మని. తనను ఉంచిన ఆశ్రమం చూడాలి, ఏదైనా రాతకోత మిగిలిందేమో వెతకాలి.

అక్క ససేమిరా అంది. పడవెక్కి వచ్చిన రోజు నుంచి తిరిగి చూడలేదు, చూడబోనంది. ఆ పిల్ల రెట్టించి అడిగితే కోపగించుకుని మూడు ఆదివారాలు నడకే మానేసింది. నాలుగో ఆదివారం నేను వెళ్ళేసరికి వంటగదిలో ఒక్కతే కూర్చుని పుదీనా ఆకులు గిల్లుతోంది. "ఎమ్, నేను వీళ్ళందరికీ చూపించే వియత్నాం నా తలలో ఉంది. వెళ్ళి చూస్తే అది అక్కడ లేకపోతే, తిరిగొచ్చి ఏం చూపించను?" అంది. ఆ పిల్ల అక్కడ ఎవర్ని ఏం అడగాలన్నా, అడిగే నోరు నీది తప్ప ఇంకెవరిది, అన్నాను. అక్క ఆకులు గిల్లడం ఆపలేదు. ఆ శుక్రవారం ఫోను చేసి, టిక్కెట్లు తీశాం, నువ్వూ రా అంది. పిల్లల స్కూళ్ళున్నాయి, అత్తయ్య ఉన్నారు, వచ్చే ఏడు తప్పకుండా వస్తానన్నాను. ఆ వచ్చే ఏడు మళ్ళీ రాలేదు. నా జీవితంలో చేయని ప్రయాణాల్లో నేను ఇప్పటికీ తలుచుకునేది అదొక్కటే.

మూడు వారాలకు తిరిగి వచ్చారు. విమానాశ్రయంలో ఆ పిల్ల నన్ను కావలించుకుని, ఊపిరాడకుండా చెప్పింది. ఆశ్రమం ఉన్న చోట ఇప్పుడు కుట్టుపని నేర్పే బడి ఉందట, కాయితమన్నదే మిగలలేదట. రెండు రోజులు ఏడ్చిందట. అక్క ఆ పిల్లను తన సొంత ఊరికి, తన మేనత్త ఇంటికి తీసుకెళ్ళింది. ఆ మేనత్త ఎనభై దాటిన మంత్రసాని, ఆ చుట్టుపక్కల పిల్లలందరినీ చేత్తో తీసిన మనిషి. ఆవిడ కూడా మొదట వయసే అడిగింది. తెలియదంటే, దగ్గర కూర్చోబెట్టుకుని అరచేతులు చూసి, పళ్ళు చూసి, చెవులు తడిమి, ఏడాదికో జంతువు పేరుండే వాళ్ళ లెక్క ప్రకారం, "ఇది పులి సంవత్సరం పిల్ల. వానాకాలం చివర్లో పుట్టింది. మొండిది" అని తేల్చి చెప్పేసిందట.

"ఆంటీ, అది ప్రూఫ్ కాదని నాకు తెలుసు. అయినా నేను ఇంక మార్చను. నేను పులి" అంది.

అక్క మాత్రం ఎక్కువ చెప్పలేదు. నది అలాగే ఉందంది, ఇంటి చోట మూడంతస్తుల మేడ లేచిందంది. కానీ తరవాతి ఆదివారం మార్కెట్టులో, ఆకుల గంప ముందు నిలబడి, ఎప్పుడూ "మా దేశంలో ఇలా వండుతాం" అని మొదలుపెట్టే మనిషి ఓ క్షణం ఆగి, "మా రోజుల్లో ఇలా వండేవాళ్ళం" అంది. వచ్చినవాళ్ళెవరికీ తేడా తెలియలేదు. వెనక నిలబడ్డ నేను ఆ మాటను ఉన్నదున్నట్టుగా ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను.

ఇంకో ఐదారేళ్ళు నడిచాం. తరవాత అక్కకు మోకాళ్ళు అరిగాయి, మేనల్లుడు హ్యూస్టన్ తీసుకెళ్ళాడు, ఫోన్ల మీదే మిగిలాం. అక్క పోయి ఇప్పటికి కొన్నేళ్ళయింది. ఏటేటా తద్దినం మాత్రం ఆ పులిపిల్లే పెడుతోంది, నేపర్‌విల్‌లో తన ఇంట్లో, అక్క ఫొటో ముందు అన్నం గిన్నె పెట్టి. పెంచిన తల్లికి ఇప్పుడు తొంభై దగ్గర పడుతోంది, ఆవిడా ఆ ఇంట్లోనే. నిరుడు ఫోనులో చూపించింది. తన ఇద్దరు పిల్లలూ చాప మీద కూర్చుని, అచ్చం అమెరికా యాసలో, అమ్మమ్మను భోజనానికి పిలిచారు.

మనవరాలికి ఇదంతా చెప్పాక, మర్నాడు ఆదివారం నన్ను కారులో ఆ చోటికి తీసుకెళ్ళింది. అక్క ఉన్న అపార్టుమెంటు లేదు, ఏవో ఆఫీసులు వచ్చాయి. గోనెపట్టాల మార్కెట్టు స్థానంలో అద్దాల తలుపులు, చల్లటి గాలి, ప్రతి ఆకు కట్ట మీద చక్కగా ముద్రించిన ఇంగ్లీషు పేరు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగనక్కర్లేదు. నలభై ఏళ్ళ క్రితం ఒక ఆకు పేరు తెలియాలంటే ఒక మనిషి పరిచయం కావాలి. ఇప్పుడు అన్నీ తెలుస్తున్నాయి, అందుకు సంతోషమే, నా మనవరాలు ఒక్క మధ్యాహ్నంలో ప్రపంచం అవతలి ఒడ్డున ఎవరో ఇంట్లో భోజనం కుదుర్చుకోగలుగుతోంది. ఆ ఇంటావిడ పేరేమిటో మాత్రం ఆ ఫోనులో ఎంత వెతికినా మాకు కనపడలేదు.

లోపల ఓ చిన్న కొట్టు దగ్గర వియత్నాం పిల్ల ఒకతె, ఇరవై ఏళ్ళుంటాయేమో, చీరలో ఉన్న నన్ను చూసి నవ్వుతూ, "వెల్‌కమ్! ఫస్ట్ టైమా మీకు?" అని ఇంగ్లీషులో అడిగింది. మనవరాలు నా తరఫున జవాబు చెప్పబోతుంటే, దాని చెయ్యి మెల్లిగా నొక్కాను.

అవునమ్మా, మొదటిసారి, అన్నాను. ఆ పిల్ల ఎంతో సంబరంగా నన్ను వెంటబెట్టుకుని ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టింది. నేను అలాగా, అలాగా అంటూ, వెనకే నడుస్తూ, అన్నీ విన్నాను.